చెరువుకు దుప్పటి కొనబోయిన మేక

దయ్యాలు, ఆత్మలు అనే మాటలను మా ఇంట్లో ఎవరూ లెక్కచేసేవారు కాదు. మా నాన్న బెంగళూరు చిక్కపేటలో ఒక బట్టల గోదాములో పనిచేసేవారు. పై అంతస్తులో ఏదో తిరుగుతోందని కూలీలు అక్కడికి వెళ్ళడం మానేస్తే, ఆయన మధ్యాహ్నం అన్నం తిని నేరుగా అక్కడికే వెళ్ళి బట్టల మూటల మీద ఒక కునుకు తీసి వచ్చేవారు. "ఎలకలప్పా, ఇంకేమీ లేదు" అనేవారు. నేనూ అలాగే పెరిగాను. లైబ్రరీలో ఉద్యోగం వచ్చాక దయ్యాల నవలలు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఒక్కటి కూడా తెరిచి చూడాలనిపించలేదు.

ఇప్పుడు రాస్తున్నది చదివి నన్ను ఏ కోవలో వేస్తారో నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తాను. ఎక్కడైనా నాకు సరిగ్గా గుర్తులేకపోతే లేదనే చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. వర్తూరు వైపు ఒక చిన్న ప్రభుత్వ గ్రంథాలయంలో నేను అసిస్టెంటుగా ఉండేదాన్ని. పాత కట్టడం, మేడ మీద రెండు గదులు. ముందు గదిలో పెద్దవాళ్ళు పేపర్లు చదువుకునేవారు. వెనక గదిలో పిల్లల పుస్తకాలు. కన్నడం ఎక్కువ, తెలుగూ తమిళమూ కాస్త, ఇంగ్లీషు ఇంకాస్త. చాలాకాలం ఆ గదిలోకి ఎవరూ వచ్చేవారు కాదు. బీరువా తాళం తీస్తే దుమ్ము లేచేది.

మా లైబ్రేరియన్ సార్‌ని అడిగి, శనివారం మధ్యాహ్నం పిల్లలకు కథలు చదవడం మొదలుపెట్టాను. నేల మీద జంపఖానా పరిచి ఒక కథ కన్నడంలో, ఒకటి తెలుగులో చదివేదాన్ని. మొదట్లో నలుగురైదుగురు పిల్లలు. తరవాత బ్రూక్‌ఫీల్డ్ ఫ్లాట్ల నుంచి కార్లలో తండ్రులు తీసుకొచ్చేవారు. చుట్టుపక్కల కట్టడాల దగ్గర షెడ్లలో ఉండే కూలీల పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మెట్లెక్కి వచ్చేవారు. ఎండాకాలం సెలవుల్లో హైస్కూలు ఆడపిల్లలు చిన్నవాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని అక్షరం అక్షరం చదివించేవారు. కొందరు తల్లులు గుమ్మం దగ్గరే కూర్చుని వినేవారు. లోపలికి రమ్మంటే "ఇక్కడే బాగుండాది" అనేవారు.

ఇదంతా మొదలుపెట్టింది ఊరి పిల్లల కోసమని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి నా కూతురి కోసం. నందిని పుట్టినప్పుడే గుండెలో రంధ్రం ఉందన్నారు. కాస్త పెద్దయ్యాక ఆపరేషన్ చేద్దామన్నారు. పరుగెత్తకూడదు, మెట్లు గబగబా ఎక్కకూడదు. ఆటల పీరియడ్‌లో ఒక్కతే క్లాసులో కూర్చునేది. దానికి తోటి పిల్లలతో కలిసి కూర్చునే చోటు ఒకటి కావాలి. పరుగు అక్కర్లేని చోటు. నాకు తోచింది లైబ్రరీయే.

నందూకి అక్కడ పెత్తనం చేయడం ఇష్టం. ఎవరైనా మధ్యలో మాట్లాడితే "సుమ్నే ఉండప్పా, కథ నడుస్తా ఉండాది" అని కన్నడం తెలుగు కలిపి కసిరేది. వేలితో గీతలు చూపిస్తూ షెడ్ల పిల్లలకు అక్షరాలు చెప్పేది. చిక్కపేటను 'చిక్కీపేట' అనేది. బాగా చిన్నప్పుడు అక్కడంతా వేరుశనగ చిక్కీలే అమ్ముతారనుకుంది. కాదని తెలిశాక కూడా ఆ పేరు వదల్లేదు. వాళ్ళ తాత కూడా నవ్వి చివరికి అలాగే అనడం మొదలుపెట్టారు.

దానికి తొమ్మిదేళ్ళు వచ్చాక ఆపరేషన్‌కు పిలిచారు. పరీక్షలనీ, జ్వరం తగ్గాలనీ కొన్నాళ్ళు వార్డులోనే ఉంచారు. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలన్నీ చదివేసింది. ఇంకేం చేయాలో తోచక ఇద్దరం ఒక కథ అల్లడం మొదలుపెట్టాం. నేను కాస్త చెప్పి ఆపితే తను అందుకోవాలి. తను ఆపితే నేను.

చిన్నపిల్లల కథే. వర్తూరు చెరువుకు చలేస్తుంది. ఒడ్డున మేసే మేక ఒకటి ఉంటుంది, పేరు పుట్టి. కన్నడంలో ఆడపిల్లలను ముద్దుగా పిలిచే ఆ పేరు నందూ పెట్టింది. చెరువుకు దుప్పటి కొని తెస్తానని పుట్టి బస్సెక్కి చిక్కీపేట బయలుదేరుతుంది. కండక్టరు టికెట్టు ఇస్తే నమిలేస్తుంది. చెకింగ్ వాళ్ళు ఎక్కితే నోరు తెరిచి చూపిస్తుంది. ఆ ఘట్టం నందూయే చెప్పింది. చెప్పి తనే పడీపడీ నవ్వింది. ఆయాసం వస్తుందని నేను వీపు రాశాను. చిక్కీపేటలో పుట్టి దుకాణం దుకాణం తిరుగుతుంది. చెరువంత దుప్పటి ఎవరి దగ్గరా ఉండదు. సాయంత్రమై దుకాణాలు మూసేస్తారు. మూసిన తలుపుల ముందు పుట్టి నిలబడుతుంది.

అక్కడ నేను ఆపాను. తరవాతి వంతు నందూది.

ఆ మర్నాడే ఆపరేషన్ అని చెప్పారు. పొద్దున ఆకుపచ్చ గౌను తొడిగి స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే, దాని భయం మరిపించడానికి "పుట్టి ఏం చేసిందే? నీ వంతు కదా" అన్నాను.

"కడాకి ఏమైతాదో నాకు తెలుసమ్మా. వచ్చినాక చెప్తా" అంది.

ఆపరేషన్ అయ్యాక మాకు చూపించినప్పుడు నందూ మాట్లాడే స్థితిలో లేదు. ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. గుండె కోలుకోలేదని డాక్టరు మా ఎదురుగా కూర్చుని చెప్పాడు. మంచివాడే. చెబుతున్నంతసేపూ చేతులు కట్టుకునే ఉన్నాడు.

తరవాతి నెలల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మా ఆయన బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో మెయింటెనెన్స్ చూసేవారు. ఆదివారాలు కూడా డ్యూటీ వేయించుకున్నారు. ఇంట్లో ఆయన నందూ పేరు ఎత్తేవారు కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. నందూ స్నానాలగదిలో వదిలిన చిన్న పీట చాలాకాలం అక్కడే ఉంది. ఇద్దరం దాన్ని దాటి వెళ్ళేవాళ్ళం. లైబ్రరీ ఉన్న రోడ్డు మీదకే ఆయన రావడం మానేశారు. పనికి చుట్టుదారిన వెళ్ళేవారు.

నేను ఉద్యోగానికి వెళ్ళాను కానీ వెనక గదిలోకి వెళ్ళలేదు. ముందు గదిలో పుస్తకాల మీద ముద్ర వేస్తూ కూర్చునేదాన్ని. శనివారం కథలు పదో తరగతి అమ్మాయిలు చదివేవారు. సార్ నన్నేమీ అనలేదు. ఒక శనివారం ఆ అమ్మాయిలకు పరీక్షలని ఎవరూ రాలేదు. పిల్లలు మాత్రం వచ్చి జంపఖానా వాళ్ళే పరుచుకుని కూర్చున్నారు. ఎంతసేపటికీ ఎవరూ రాకపోతే ఒక పాప నా బల్ల దగ్గరకొచ్చి "మీరే రండి మేడం" అని నా చెయ్యి పట్టుకుంది. వెళ్ళాను. చదివాను. ఆ రోజు ఏం చదివానో గుర్తులేదు.

అప్పటికి నందూ పోయి ఏడాది కావస్తోంది.

లైబ్రరీ వెనక ఒక అపార్ట్‌మెంటు లేస్తోంది. పని కోసం మహబూబ్‌నగర్ వైపు నుంచి కొన్ని కుటుంబాలు కొత్తగా వచ్చాయి. వాళ్ళ పిల్లల్లో భాగ్య అనే అమ్మాయి ఉండేది. ఏడేళ్ళు ఉంటాయేమో. బడికి వెళ్ళలేదు, చదవడం రాదు. శనివారం వచ్చి తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. నందూ ఎప్పుడూ కిటికీ కింద కూర్చునేది. భాగ్య అటువైపు కూడా వెళ్ళలేదు. పోలికలు కూడా ఏమీ లేవు. ఈ మాట ఎందుకంటే, నేను ఆ పిల్లలో నా కూతుర్ని వెతుక్కున్నానని తరవాత ఇద్దరు ముగ్గురు అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రోజు వరకూ భాగ్యను నేను సరిగ్గా చూడనే లేదు.

నెలలో ఒక శనివారం పుస్తకం పక్కన పెట్టి, పిల్లల చేత కథలు చెప్పించేవాళ్ళం. అలాంటి శనివారం అది. ఇద్దరు పిల్లలు టీవీలో చూసినవి చెప్పారు. ఒక బాబు వాళ్ళ నాన్న స్కూటరు పోయిన సంగతే కథలాగా చెప్పాడు. "ఇంకెవరు చెప్తారు?" అంటే భాగ్య లేచి నిలబడింది. అంతకుముందు ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు. సంతోషంగా ముందుకు రమ్మన్నాను. రాలేదు. గోడ దగ్గరే నిలబడి చెప్పింది.

"మ్యాక చిక్కీపేటల నిలవడ్డది. దుకాండ్లన్నీ బందయినయ్."

నేను మొదట సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాను. కుర్చీ అంచు పట్టుకున్నాను.

"గంత పెద్ద దుప్పటి యాడ దొరకలే. ఉత్తగ ఎట్ల పోవాలె అని మ్యాక ఏడ్సింది. మళ్ల బస్సెక్కి పోయింది. చెరువు కాడికి పోయి, దొరకలే అని చెప్పింది. చెరువు అన్నది, వచ్చినవా పుట్టీ, నాకు సలి వోయింది. నువ్వు తిరిగి తిరిగి అలిసినవ్. ఇంగ తిరగకు, ఈడ పండుకో అన్నది. గంతే."

పిల్లలు నవ్వారు. "మొదలే లేదు. ఏ మేక? ఎక్కడి మేక?" అని ఒక అబ్బాయి అడిగాడు.

"మొదలు మేడంకు ఎరికె" అంది భాగ్య. అని కూర్చుంది.

ఆ తరవాత పిల్లలను నేనే పంపేశానా, వాళ్ళే వెళ్ళారా నాకు గుర్తులేదు. సార్ వచ్చి నీళ్ళిచ్చారు. భాగ్య మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. 

"ఆ కథ నీకు ఎవరు చెప్పినారమ్మా?"

"ఎవ్వరు చెప్పలే."

"మరి ఎట్ల తెలుసు?"

కాస్త ఆలోచించింది. "గుర్తుకొచ్చింది" అంది. కింద తమ్ముడు పిలుస్తుంటే దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం వాళ్ళ షెడ్డుకు వెళ్ళాను. తల్లి ఎల్లమ్మ బట్టలు ఉతుకుతోంది. నన్ను చూసి భయపడింది.

"మా పోరి ఏమన్న తప్పు జేసిందా మేడం?"

"లేదమ్మా. మంచి కథ చెప్పింది. మీరు చెప్పినారేమో అని."

"మేమేడ చెప్తం? పొద్దుగూకితే ఒళ్ళు తెల్వది. కథలు జెప్పే ఓపిక యాడిది?"

చిక్కపేట ఎప్పుడైనా వెళ్ళారా అని అడిగాను. ఆ పేరే వినలేదంది. రెండు నెలల కింద ఊరి నుంచి లారీలో నేరుగా ఇక్కడికే వచ్చారట. అంతకుముందు బెంగళూరు చూడలేదు. ఆసుపత్రి పేరు చెబితే అదెక్కడుందని నన్నే అడిగింది. పక్క షెడ్డులోని ముసలామెనూ అడిగాను. పిల్ల ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడదని ఆమె చెప్పింది. ఎల్లమ్మ నాకు టీ ఇచ్చింది. భాగ్య ఇసుకలో గుంత తవ్వుకుంటూ నా వైపు చూడనైనా చూడలేదు.

ఇంటికి నడుస్తూ, దీనికి ఏదో కారణం ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. వార్డులో మా పక్క మంచం వాళ్ళు ఒరిస్సా వాళ్ళు, తెలుగు రాదు. అయినా ఎవరో విని ఉండవచ్చు. ఆ నోటా ఈ నోటా పడి ఇక్కడికి వచ్చి ఉండవచ్చు. పైగా భాగ్య చెప్పిన ముగింపు నందూ అనుకున్న ముగింపేనని ఎవరు చెప్పగలరు? నందూ దాన్ని ఎవరికీ చెప్పలేదు కదా. కథలో మేక, చెరువు, దుప్పటి ఉంటే పిల్లలెవరైనా అలాంటి ముగింపే చెబుతారేమో. ఇలా అనుకుంటే కాస్త ఊపిరాడింది.

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చొక్కాకు ఇస్త్రీ చేసుకుంటున్నారు. చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆగాను. ఏడాదిలో నేను ఆయన ముందు నందూ పేరు ఎత్తడం అదే మొదలు. వార్డులో మేమిద్దరం అల్లిన కథ ఒకటి ఉందని, అది ఎక్కడ ఆగిందో చెప్పాను. ఆయన ఇస్త్రీ చేస్తూనే ఉన్నారు. లైబ్రరీలో ఒక పాప లేచి ఆ మేక కథనే అందుకుని చెప్పిందని, దుప్పటి దొరకలేదని చెప్పడానికి అది చెరువు దగ్గరికి వెళ్ళిందని అన్నాను.

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టారు.

"చలి పోయిందన్నాదా?" అన్నారు. "చెరువు... చలి పోయింది, ఇంక తిరగొద్దన్నాదా?"

నేను ఆ మాట ఇంకా చెప్పలేదు.

ఆయన మంచం మీద కూర్చున్నారు. అప్పుడు చెప్పారు. ఆపరేషన్ రోజు పొద్దున నేను మందులకని కిందికి దిగినప్పుడు నందూ ఆయనను దగ్గరికి పిలిచిందట. కథ మొత్తం చెప్పి, చివరికి ఏమవుతుందో కూడా చెప్పిందట.

"అమ్మకి నువ్వు చెప్పొద్దు నాన్నా, నేనే చెప్తా అనింది. సరే అని మాటిచ్చినా."

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే?" అన్నాను. కోపంగా అనలేదు.

"ఎట్ల చెప్పేది? తనే చెప్తానన్నాది కదా" అన్నారు.

ఏడాదిగా ఆ మనిషి ఆ కథను లోపల పెట్టుకుని చుట్టుదారిన పనికి వెళ్ళారు. ఆ రోజు నందూ గురించి మేమిద్దరం మొదటిసారి కూర్చుని ఏడ్చాం. దాని అల్లరి, దాని తిట్లు, అన్నంలో వంకాయ ముక్కలు ఏరి ఆయన కంచంలో వేసే సంగతి, అన్నీ మాట్లాడుకున్నాం. పొయ్యి మీద పాలు మాడిపోయాయి. ఎవరమూ లేవలేదు.

ఎవరికైనా చెప్పారా అని ఎన్ని విధాలుగా అడగాలో అన్ని విధాలుగా అడిగాను. వాళ్ళ అమ్మకు, చెల్లెలికి, పనిలో తోటివాళ్ళకు, ఎవరికీ చెప్పలేదన్నారు. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని భయపడ్డారట. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. పైగా ఆ సంగతి దాచినందుకు ఆయనకు ఒరిగింది బాధ తప్ప మరేమీ లేదు.

తరవాతి శనివారం ఆయన నాతో లైబ్రరీకి వచ్చారు. ముందు గదిలో పేపరు పట్టుకుని తలుపుకు దగ్గరగా కూర్చున్నారు. పిల్లలు వచ్చారు, భాగ్య కూడా వచ్చింది. ఆ మేక కథ ఇంకోసారి చెప్తావా అని అడిగాను.

"ఏ మ్యాక?" అంది.

పుట్టి అన్నాను. చెరువు అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి అడ్డంగా తలూపింది. దాస్తున్నట్టు లేదు. సిగ్గూ లేదు, భయమూ లేదు. తనకు తెలియని సంగతి అడిగితే పిల్లలు ఎలా చూస్తారో అలాగే చూసింది. క్రితం వారం అక్కడే కూర్చున్న పిల్లలు "నువ్వే చెప్పినావు కదే" అన్నారు. "నేను చెప్పలే" అంది. ఇంకా అడిగితే ఏడ్చేలా ఉందని వదిలేశాను. మా ఆయన పేపరు మడిచి బల్ల మీద పెట్టి, మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

భాగ్య ఇంకొన్ని శనివారాలు వచ్చింది. తన పేరు రాయడం నేర్పాను. నేర్పేటప్పుడు ఆ చిన్న చెయ్యి నా చేతిలో ఉండేది. మామూలు పిల్ల చెయ్యి, ఇసుకతో గరుకుగా ఉండేది. స్లాబు పని అయ్యాక ఆ కుటుంబాలు వేరే పనికి వెళ్ళిపోయాయి. షెడ్లు తీసేశారు. ఎక్కడికి వెళ్ళారో మేస్త్రీ కూడా చెప్పలేకపోయాడు.

డాక్టరు చదివిన మా బంధువు ఒకాయన మా ఆయన నిద్రలో మాట్లాడి ఉంటారని, అది నా మనసులో పడి పిల్ల నోట విన్నట్టు అనిపించిందని వివరించాడు. మరి గదినిండా పిల్లలు నవ్వారు, మొదలు లేదేమని అడిగారు. వాళ్ళూ విన్నారు కదా. సార్ ముందు గదిలోంచి మేక సంగతి విన్నారు. ఈ వివరణతో నా మనసు కుదుటపడలేదు. వేరే వివరణ నా దగ్గర లేదు. అది నందూ చేసిందని అనలేను. కాదనీ అనలేను.

మా ఆయన మాత్రం దాని గురించి ఇప్పుడు నిశ్చింతగా ఉంటారు. బిడ్డ మాట నిలబెట్టుకుందనీ, తనకు అది చాలనీ అంటారు. ఆయన అలా అన్నప్పుడల్లా సరే అంటాను. కానీ నాకు అది చాలదు. నాకు కథ ముగింపు అక్కర్లేదు. ఆ రోజు ఆ గదిలో గోడ దగ్గర నిలబడి నందూ ఎవరి నోటనో మాట్లాడగలిగిందే అనుకుందాం. దాని ఎదురుగా కుర్చీలో కూర్చున్నది నేను. ఒక్కసారి అమ్మా అని ఎందుకు పిలవలేదు?